మంచం నుంచి బాత్‌రూమ్ దాకా: ఆస్పత్రి గదులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో పాత మేడను పన్నెండు పడకల నర్సింగ్ హోమ్‌గా మార్చాం. రాత్రిళ్లు పెద్దవయసు రోగులు బాత్‌రూమ్‌కి లేచి జారి పడుతున్నారు. టైల్స్ మారిస్తే సరిపోతుందా?

టైల్స్ ఒక్కటే మారిస్తే సగం పని మిగిలిపోతుంది. ముందు రాత్రిపూట లైట్లు ఆర్పి, మంచం దిగి కమోడ్ దాకా మీరే నడిచి చూడండి.

పాత ఇళ్లలో బాత్‌రూమ్ నేల గది కంటే అంగుళమో రెండంగుళాలో పల్లంగా ఉంటుంది. గుమ్మంలో గ్రానైట్ పట్టీ కూడా ఉంటుంది. నిద్రమత్తులో కాలు తట్టుకునేది అక్కడే. పట్టీ తీసేసి వాలుగా కలపండి. నీళ్లు గదిలోకి రాకుండా నేల వాలు గుమ్మానికి దూరంగా ఉన్న మూల జాలీ వైపు, ఆరేడు అడుగులకు అంగుళం చొప్పున ఇవ్వండి. టైల్స్ మాట్ రకంవి, ఎంత జారకుండా పట్టుంటుందో చెప్పే గ్రేడు ఆర్ 11 లేదా ఆ పైన ఉన్నవి అడిగి కొనండి. నాలుగంగుళాల చిన్న టైల్ అయితే అతుకులు ఎక్కువ, పట్టు ఎక్కువ. ఎంత మంచి టైల్ వేసినా ఫినాయిల్ జిడ్డు పేరుకుంటే జారుతుంది కాబట్టి మంచినీళ్లతో మళ్లీ తుడిపించాలి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక రోగి పడిపోతే తీయడానికి వీలుండదు. గడియ బయటి నుంచి నాణెంతో తిప్పగలిగేది పెట్టించండి. కాలింగ్ బెల్ తాడు నేలకు నాలుగంగుళాల దాకా వేలాడాలి, ఎందుకంటే పడినవాళ్లు పైకి చెయ్యి చాపలేరు.

కమోడ్ పక్కన, నేల నుంచి 30–33 అంగుళాల ఎత్తులో స్టీలు కడ్డీ ఉండాలి. మందం ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళాలు, గోడకూ కడ్డీకీ మధ్య సందు ఒకటిన్నర అంగుళం. సందు ఇంకా ఎక్కువైతే జారినప్పుడు ముంజేయి అందులో ఇరుక్కుంటుంది. ఎక్కువ చోట్ల పొరపాటు బిగింపులోనే జరుగుతోంది. నాలుగంగుళాల గోడకు ప్లాస్టిక్ ప్లగ్గులు వేస్తే ఊడి వస్తాయి. గోడ గుండా బోల్టు వేసి అవతల ప్లేటు పెట్టించండి. 115 కిలోల బరువు పడినా కడ్డీ కదలకూడదు.

తెల్ల గోడకు తెల్ల కమోడ్ శుక్లాలున్న కంటికి ఆనదు. సీటయినా, వెనక గోడయినా ముదురు రంగులో ఉండనివ్వండి. మంచం నుంచి గుమ్మం దాకా నేలకు అడుగు ఎత్తున చిన్న పసుపు లైట్లు రాత్రంతా వెలగాలి. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మంచానికి రెండువైపులా పొడవునా రెయిలింగ్ వేసేస్తే క్షేమమని చాలామంది నమ్ముతారు. కానీ మతి స్థిమితం లేని రోగి దాన్ని ఎక్కి దూకబోతాడు, ఇంకా ఎత్తు నుంచి పడతాడు.

ప్రశ్న: విజయవాడ సూర్యారావుపేటలో మా నాలుగు పడకల వార్డుకు స్ప్లిట్ ఏసీలు పెట్టి, కిటికీలు మూసి, ముందువైపు అద్దాల ఎలివేషన్ వేయించాలనుకుంటున్నాం. సబబేనా?

అద్దాలు మాత్రం వద్దు. మే నెల ఎండల్లో ఏసీ కావాలి, కాదనం. కానీ స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. దగ్గే రోగి ఒక్కరున్నా ఆ గాలే నలుగురూ పీలుస్తారు. సహజంగా గాలి ఆడే వార్డుల్లో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. నలుగురికి లెక్కేస్తే గంటకు సుమారు 860 ఘనపు మీటర్లు. అంత గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి, అది ఎంత లాగుతుందో దాని పెట్టె మీద ఉంటుంది. జాలీ, షట్టరు అడ్డుంటే అంత రాదు, అందుకే పెద్దది కొనండి. ఫ్యాన్‌కి ఎదురుగోడలో గాలి లోపలికొచ్చే దారి లేకపోతే అది బాత్‌రూమ్ గాలిని వార్డులోకి లాగుతుంది. అన్ని వార్డులకూ ఇంత చేయలేకపోతే, దగ్గుతో వచ్చేవాళ్లకు రెండు వైపులా కిటికీలున్న చివరి గదిని ఏసీ లేకుండా కేటాయించండి.

తెరుచుకోని అద్దాల వెనక పొగ నిండితే మంచంలో ఉన్న మనిషికి దారి ఉండదు. 2020 ఆగస్టు 9న మన విజయవాడలోనే, కొవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్‌లో మంటలు లేచి పది మంది చనిపోయారు. కిటికీలు తెరుచుకునేలా ఉంచి, స్ట్రెచర్ మలుపు తిరిగే వెడల్పుతో రెండో మెట్లదారి కట్టించండి. ఆ మెట్ల కింద ఆక్సిజన్ సిలిండర్లు, పాత పరుపులు పెట్టనివ్వకండి.

ప్రశ్న: శానిటైజర్ నర్సుల టేబుల్ మీద పెట్టాం. ఎవరూ వాడటం లేదు.

ప్రతి మంచానికీ చెయ్యి చాపితే అందేలా ఒక్కో సీసా తగిలించండి. శానిటైజర్‌తో చేతులు రుద్దుకోవడానికి 20–30 సెకన్లు చాలు, సబ్బుతో కడిగితే 40–60 పడుతుంది. చేతికి మురికి కనిపిస్తే మాత్రం కడగాల్సిందే. చేతులు కడిగే సింకులో కుళాయి ధార నేరుగా డ్రెయిన్ రంధ్రం మీద పడకూడదు. పడితే లోపలి క్రిములు చిమ్మి పక్కనున్న ఇంజెక్షన్ ట్రే దాకా చేరతాయి.