లాడ్జి కౌంటర్లో చేరిన మా అల్లుడికి

అల్లుడూ,

తిరుపతి బస్టాండ్ దగ్గర లాడ్జిలో రిసెప్షన్ పని దొరికిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ట్రైనింగ్‌లో ఎవరో మనం చెప్పేది ఎదుటోళ్ళకి చేరేదాంట్లో మాట 7 శాతమే, గొంతు 38, మొహం 55 అని చెప్పినారని మెసేజ్ పెట్టినావే, ముందు దాన్ని పక్కన పెట్టు. ఆ అంకెలు అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ప్రొఫెసరు 1967లో చేసిన ప్రయోగాల్లోవి. చెప్పేవాడికి మన మీద ఇష్టముందా లేదా అనేది వినేవాళ్ళు దేన్ని బట్టి పసిగడతారు అని చూసినాడు, అంతే. అన్ని మాటలకీ ఇది పనికిరాదని ఆయనే చెప్పినాడు కూడా. నిజంగా మాట 7 శాతమే అయితే నాగపూర్ నుంచి వచ్చినోళ్ళకి చెకవుట్ టైమ్ తెలుగులోనే చెప్పి పంపించు, ఏమైతాదో చూద్దాం.

అయితే అందులో నీకు పనికొచ్చేది ఒకటుండాది. నోరు ఒకటి చెప్పి మొహం ఇంకోటి చెప్తే జనం మొహాన్నే నమ్ముతారు. "టెన్ మినిట్స్ సార్, రూమ్ క్లీన్ చేస్తా ఉండారు" అని ఫోన్లో రీల్స్ చూస్తా చెప్పినావనుకో, మాటలో తప్పేం లేదు, కానీ ఆయనకి వినపడేది మాత్రం నీ గోల నాకెందుకు అనే. వచ్చేవాళ్ళు ఎట్లా వస్తారో నీకు తెలుసు కదా, రాత్రంతా బస్సులో నిద్రలేక, చంకలో పిల్లోడు ఏడస్తా, ముసలమ్మని ఒకరు పట్టుకుని, టీటీడీ వాళ్ళ శ్రీనివాసం యాడ, భూదేవి కాంప్లెక్స్ యాడ అని అడుగుతా వస్తారు, అట్లాంటోళ్ళకి నీ మాట కన్నా నీ విసుగు ముందు తగులుతాది. ఫోన్ బోర్లా పెట్టి, తలెత్తి చూసి, అప్పుడు నోరు తెరువు. రూమ్ లేదని చెప్పాల్సొస్తే లేచి నిలబడి చెప్పు. కూర్చుని తల అడ్డంగా ఊపితే తరిమేసినట్టుంటాది.

తల సంగతి ఇంకో తంట. మనం సరే అనడానికి తల అటూఇటూ ఆడిస్తాం, హిందీవాళ్ళు కొందరు దాన్ని కాదు అనుకుని బ్యాగులెత్తుకుంటారు. "హా జీ" అని నోటితో కూడా చెప్పు.

యూట్యూబ్‌లో చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టు అని చెప్తారే, అది ఇక్కడ గుడ్డిగా నమ్మొద్దు. మన పల్లెల్లో పెద్దోళ్ళ ముందర చేతులు కట్టుకుని నిలబడేది మర్యాద. పలమనేరు పక్క నుంచి వచ్చిన ముసలాయన కౌంటర్ ముందు అట్లా నిలబడితే ఆయన కోపంగా లేడబ్బా, అడగడానికి మొహమాటపడతా ఉండాడు, నువ్వే ముందు పలకరించు. ఏసీకి చలేసి కట్టుకున్నోళ్ళూ ఉంటారు, ఒక్క సైగ చూసి మనిషిని తేల్చేయొద్దు. తాళం, చిల్లర మాత్రం కుడి చేత్తోనే ఇవ్వు, ఎడమ చేత్తో ఇస్తే నోరు తెరిచి అనరు గానీ మనసులో పెట్టుకుంటారు.

ఎదుటోడు అరిస్తే నువ్వు గొంతు తగ్గించు, మంచిదే, కానీ "చెప్తా ఉండా కదా సార్ర్" అని సాగదీసి పళ్ళు బిగించి అనొద్దు. ఆ సారు తిట్టు కన్నా పెద్దది! గొడవలు చానావరకు అరుపుతో కాదు, ఆ సాగదీతతోనే మొదలవుతాయి.

ఫోన్లో బుకింగ్ అడిగితే కొంచెం నవ్వు మొహంతో మాట్లాడు, నవ్వితే పెదాలు సాగి గొంతు మారతాది, అవతలోళ్ళకి తెలుస్తాది. వాట్సాప్‌లో ఆ దారి లేదు, అక్కడ "నో రూమ్స్" అని రెండు ముక్కలు కొట్టొద్దు, ఈరోజు ఖాళీ లేదు సార్, రేపు పొద్దున అడగండి అని పూర్తిగా రాయి. నాకు కూడా ఉత్త "కె" అని పంపొద్దు, డ్యూటీ దిగినాక ఫోన్ చెయ్యి.

మీ మామ