కిల్ట్ స్కర్ట్ కొనే ముందు నడుము ఎక్కడుందో చూసుకో

ప్రశ్న: అక్కా, నేను స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా వచ్చి నాలుగు నెలలైంది. జనవరి 25న ఇక్కడి కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు పండగైన బర్న్స్ నైట్‌కి ఆఫీసులో డిన్నర్, తర్వాత కేలీ అనే ఇక్కడి జానపద గుంపు డాన్స్ ఉన్నాయి. టార్టాన్, అంటే ఇక్కడి రంగురంగుల గళ్ళ బట్టతో కుట్టిన స్కర్ట్ వేసుకోవాలని ఉంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, తుంటి దగ్గర కాస్త లావు. నాకు నప్పుతుందా? అసలు మనం వేసుకోవచ్చా?

జవాబు: ముందు రెండో ప్రశ్నకు చెబుతాను. వేసుకోవచ్చు తల్లీ. ఈ సందేహంతోనే నేను వచ్చిన కొత్తలో మూడేళ్ళు టార్టాన్ జోలికి పోలేదు. బాల్మోరల్ అనే బూడిదరంగు టార్టాన్ మాత్రం రాజకుటుంబానిది, అది నీకు అంగట్లో దొరకదు. మిగతావి కట్టుకోవద్దనే చట్టమేమీ లేదు. కాకపోతే ఒక వంశం పేరున్న టార్టాన్ కడితే "మీకు ఆ ఇంటితో ఏం సంబంధం?" అని ఇక్కడివాళ్ళు ఆప్యాయంగానే అడుగుతారు. ఆ ఇబ్బంది వద్దనుకుంటే బ్లాక్ వాచ్, రాయల్ స్టీవర్ట్, కాలెడోనియా లాంటివి తీసుకో. అవి అందరూ కట్టుకునేవే.

ఇక నప్పడం సంగతి. మోకాలి వరకు మడతలుండే అచ్చమైన కిల్ట్ మగవాళ్ళ బట్ట. ఆడవాళ్ళలో దాన్ని కట్టేది ఎక్కువగా హైలాండ్ (స్కాట్లాండ్ కొండ ప్రాంతం) డాన్సర్లు, పైప్ బ్యాండ్‌లో వాయించేవాళ్ళు. మగవాళ్ళ పూర్తి కిల్ట్‌కి ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది, గజానికి 13 నుంచి 16 ఔన్సుల బరువు. మనలాంటి పొట్టివాళ్ళు అంత బట్ట మోస్తే తుంటి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. నువ్వు అడగాల్సింది కిల్టెడ్ స్కర్ట్. అది 10, 11 ఔన్సుల తేలిక ఉన్నితో, తక్కువ బట్టతో కుడతారు.

చీర కుచ్చిళ్ళు సరిచేసుకునే కన్నుతోనే దీన్నీ చూడు. తేడా ఒక్కటే. చీరకు కుచ్చిళ్ళు ముందుంటాయి, దీనికి వెనకుంటాయి, ముందుభాగం చదునుగా ఉంటుంది. నడుము నుంచి తుంటి దాకా ప్రతి మడతనూ కిందికి కుట్టేసి ఉండాలి. ఆ కుట్టు తుంటిలో బాగా లావున్న చోటు దాకా వచ్చి, అక్కడి నుంచి మడతలు వదులుగా జారాలి. అప్పుడే నడుము సన్నగా కనిపిస్తుంది, కింద చక్కని ఊపు ఉంటుంది. కుట్టు మధ్యలోనే ఆగితే మడతలు గొడుగులా విచ్చుకుంటాయి. నేను మొదట కొన్నది అలాంటిదే. టూరిస్టులు తిరిగే వీధిలో, చవగ్గా వస్తుందని యాక్రిలిక్‌ది తీసుకున్నాను. మడతలు ఇస్త్రీతో నిలబెట్టినవే, కుట్టు లేదు. ఒక్క సాయంత్రం కూర్చుని లేచేసరికి మడతలన్నీ పోయాయి. చాలా బాధపడ్డాను.

నడుము అంటే జీన్స్ నిలిచే చోటు కాదు, బొడ్డు దగ్గర. మనవాళ్ళు తొంభై శాతం పొరపాటు ఇక్కడే చేస్తారు, తుంటి మీదికి దింపి కట్టేస్తారు. దాంతో కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి, కుట్టిన భాగమంతా కిందికి జారి తప్పు చోట పడుతుంది. బొడ్డు దగ్గర ఒక కొలత, తుంటిలో లావైన చోట ఒక కొలత, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు ఒక కొలత రాసుకుని వెళ్ళు. ఛారిటీ షాపుల్లో మంచి ఉన్ని స్కర్టులు దొరుకుతాయి. వాటి మీద సైజు నంబరు నమ్మకు, టేపుతో కొలువు. తుంటి సరిపోయేది తీసుకుని నడుము దగ్గర పట్టీ సర్దించుకోవచ్చు. తుంటి బిగుతైతే మాత్రం ఏ టైలరూ ఏమీ చేయలేదు.

పొడవు మోకాలి మధ్యకు వస్తే నీ ఎత్తుకు సరిగ్గా ఉంటుంది. పిక్క సగానికి వచ్చేది నీకు వద్దు, మనిషిని రెండు ముక్కలు చేసినట్టు ఉంటుంది. పాదాల దాకా వచ్చే హోస్టెస్ కిల్ట్ నీకు బాగానే ఉంటుంది కానీ కేలీకి పనికిరాదు. "స్ట్రిప్ ది విల్లో" అనే కేలీ డాన్స్‌లో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి గిరగిరా తిరుగుతూ పోవాలి, కాలికి అంచు తగిలితే పడతావు.

గడి చిన్నదిగా ఉన్న టార్టాన్ చూడు. పెద్ద గళ్ళు పొడుగువాళ్ళకు. రంగుల విషయంలో అంగట్లో ఒకే టార్టాన్‌ను మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని చూపిస్తారు. కొత్తదీ పాతదీ అని కాదు, రంగుల ఛాయ అంతే. మోడర్న్ అంటే చిక్కని రంగులు, ఏన్షెంట్ లేత రంగులు, వెదర్డ్ ఎండకు వానకు వెలిసినట్టుండే గోధుమ, బూడిద రంగులు. మన ఒంటి ఛాయకు మోడర్న్ రంగులే పట్టుచీరలా నిండుగా ఉంటాయని నా అభిప్రాయం. నీకైతే బ్లాక్ వాచ్ చెబుతాను, ముదురు నీలం, ఆకుపచ్చ కాబట్టి తుంటి దగ్గర చూపు ఆగదు.

పైన కుర్తీ మాత్రం వద్దు. పొడుగు టాప్ ఆ నడుము పనితనాన్నంతా కప్పేస్తుంది. ఒంటికి అతికే సాదా నలుపు గానీ మీగడ రంగు గానీ టాప్ లోపలికి దోపుకో. లోపల శాటిన్ స్లిప్, 100 డెనియర్ మందం నల్ల టైట్స్, మడమ లేని బూట్లు. కూర్చునే ముందు వెనక మడతలను అరచేత్తో కిందికి సర్ది కూర్చో. స్కర్ట్ ముందు అంచుకు పెట్టే కిల్ట్ పిన్ను పై పొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట చిరుగుతుంది.

స్కర్ట్ ఖర్చు ఎక్కువనిపిస్తే సాదా నల్ల డ్రెస్ మీద టార్టాన్ శాష్ (భుజం మీద వేసుకునే పొడుగు పట్టీ) వేసుకో, అదీ నిండుగానే ఉంటుంది. పూర్వం హైలాండ్ ఆడవాళ్ళు అరిసేడ్ అని మెడ నుంచి మడమల దాకా ఒకే పొడుగు బట్ట చుట్టుకుని, నడుముకు బెల్టు పెట్టి, రొమ్ము దగ్గర బ్రూచ్ గుచ్చుకునేవారు. మన చీర చుట్టమే అనిపిస్తుంది నాకు. కానీ శాష్‌ను పైటలా ఎడమ భుజం మీద వేయకు. ఇక్కడి ఆనవాయితీలో ఎడమ భుజం వంశ పెద్దల భార్యలది, రెజిమెంటు కర్నల్ల భార్యలది. మిగతా ఆడవాళ్ళకు కుడి భుజం. మన చెయ్యి అలవాటుగా ఎడమ వైపే పోతుంది, అందుకని ముందు రోజే అద్దం ముందు రెండుసార్లు కుడివైపు పిన్ను పెట్టి చూసుకో.