పెద్దవయసులో కాలేయపు చీముగడ్డ: గొట్టం వేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, మధుమేహం ఉంది. మూడు వారాలుగా ఆకలి లేదు, విపరీతమైన నీరసం, మాటల్లో తడబాటు. జ్వరం మాత్రం 99 డిగ్రీలు దాటలేదు. స్కాన్‌లో కాలేయం కుడివైపున 7 సెంటీమీటర్ల చీముగడ్డ కనిపించింది. బాక్టీరియా వల్ల వచ్చిందని, గొట్టం వేసి చీము తీయాలని అంటున్నారు. ఈ వయసులో మందులతోనే తగ్గించలేమా?

జవాబు: ముందుగా, ఆలస్యం చేశామని మీరు బాధపడకండి. వృద్ధుల్లో ఈ జబ్బు చలిజ్వరంతో, కడుపునొప్పితోనే రావాలని లేదు. ఆకలి మందగించడం, బరువు తగ్గడం, మనిషి అయోమయంగా ఉండటం మాత్రమే కనిపించి, అది వయసు ప్రభావమేనని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి వైద్యులూ పొరబడతారు.

ఇక మీరు అడిగిన విషయం. గడ్డ చిన్నదైతే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లతోనే కరిగిపోవచ్చు. 5 సెంటీమీటర్లు దాటితే మాత్రం లోపలి చీములోకి మందు చాలినంతగా చేరదు కనుక, దాన్ని బయటికి తీయక తప్పదు. ఇది పొట్ట కోసే ఆపరేషన్ కాదు. చర్మానికి మత్తుసూది ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నని గొట్టాన్ని గడ్డలోకి పంపి, దాని రెండో కొసను సంచికి కలుపుతారు. రక్తం గడ్డకట్టే తీరును ముందే పరీక్షిస్తారు. నాన్నగారు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. నా ఉద్దేశంలో, వయసు మీద పడిందన్నది ఈ పని మానుకోవడానికి కాదు, త్వరగా చేయించడానికే కారణం, ఎందుకంటే చీములోని క్రిములు రక్తంలో వ్యాపిస్తే వృద్ధుల శరీరం తట్టుకోలేదు.

రక్తాన్నీ, తీసిన చీమునూ కల్చర్ పరీక్షకు (క్రిములను పెంచి గుర్తించే పరీక్ష) పంపారా అని అడగండి. క్లెబ్సియెల్లా, ఈ.కొలై వంటి బాక్టీరియాల్లో ఏది ఉందో, ఏ మందుకు లొంగుతుందో తెలిస్తేనే మందును సరిగా ఎంచుకోగలరు, మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు సవరించగలరు. మూలకారణం పిత్తనాళంలో రాయి కావచ్చు, పేగు జబ్బు కావచ్చు. దాన్ని వెతకకుండా వదిలేస్తే గడ్డ మళ్లీ రావచ్చు.

రోజూ ఉదయం సంచిలో ఎన్ని మిల్లీలీటర్లు చేరిందో, రంగు ఎలా ఉందో కాగితం మీద రాసి పెట్టండి. గొట్టం ఎప్పుడు తీయాలన్న నిర్ణయానికి ఆ లెక్క చాలా అవసరం. మందులు సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడతాయి, జ్వరం తగ్గిందని మధ్యలో మానిపించకండి. మధుమేహం ఉన్నవారిలో క్లెబ్సియెల్లా అరుదుగా కంటికి పాకి చూపు పోగొడుతుంది. అందుకే చూపు మసకబారిందని ఆయన అన్నా, కన్ను ఎర్రబడినా, అదే రోజు కంటి వైద్యునికి చూపించండి.