ఫ్లెక్స్ మీద ఏం రాయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మిలటరీలో హవల్దారుగా రిటైరైన మా నాన్నగారు పోయిన నెల 87వ ఏట కాలం చేశారు. అన్నయ్య సంస్మరణ సభ పెడుతున్నాడు. ఫ్లెక్స్ మీద ‘1971 యుద్ధవీరుడు’ అని వేయిస్తాడట. నాన్న మాత్రం ఎప్పుడడిగినా ‘నేను లారీ తోలాను’ అనే అనేవారు. తర్వాత బ్యాంకులో గార్డుగా చేశారు. నవంబరు వస్తే మా అరుగు మీద కూర్చుని ఊళ్లో పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ ఫారాలు నింపిపెట్టేవారు. సభలో నన్నూ మాట్లాడమంటున్నారు. చిన్నప్పుడు నాకాయన ఏడాదికోసారి సెలవుకొచ్చే మనిషి, అంతే. అందరూ పొగుడుతుంటే నాకు ఏడుపు కూడా రావడం లేదు. తప్పేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, బరంపురం

జవాబు: ఏడుపు రాకపోతే తప్పేం లేదమ్మా. ఏడాదిలో పది నెలలు కనబడని మనిషి నౌపడలో దిగి, గునుపూరు వెళ్లే చిన్న రైలుబండెక్కి, ట్రంకుపెట్టెతో గుమ్మంలో నిలబడితే ఏ పిల్లయినా అమ్మ కొంగు చాటుకే పోతుంది. చనువు కుదిరేసరికి సెలవు అయిపోయేది. మిలటరీవాళ్ల ఇళ్లలో చాలామంది పిల్లలు ఇలాగే పెరిగారు. ఆ దూరం మీలో ఉండిపోయిందంటే ఆయన మీద ప్రేమ లేదని కాదు.

ఇక ఫ్లెక్స్ సంగతి. నా ఓటు మీ నాన్నగారి మాటకే. 1971 డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుతో ముగిసిన యుద్ధం అది. ముందున్నవాళ్లకు తిండి, తూటాలు, డీజిలు వేళకు అందాలంటే ఎవరో ఒకరు రాత్రింబగళ్లు లారీ తోలాలి. అది చిన్న పనని ఆయన అనుకోలేదు, మీ అన్నయ్యకెందుకో చిన్నగా అనిపిస్తోంది. తగవు పెట్టుకోకుండా ఇద్దరూ కూర్చుని ట్రంకు తెరవండి. పతకాల్లో పూర్వీ స్టార్ ఉంటే ఆయన తూర్పు రంగంలో, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగంలో పనిచేసినట్టు. డిశ్చార్జి బుక్కులో ఏముందో కూడా చూసి, ఉన్నదే వేయించండి. సభకొచ్చే మాజీ సైనికులకు ఎక్కువ రాసినా తెలిసిపోతుంది, తక్కువ రాసినా తెలిసిపోతుంది.

మీరేం మాట్లాడాలంటారా? ఆ అరుగు గురించి మాట్లాడండి. ఉత్తరంలో ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, నాకు ఆయన అక్కడే కనబడ్డారు. యుద్ధం రెండు వారాలు, ఆ అరుగు ఎన్నేళ్లు! కళ్లద్దాలు ముక్కు మీదకి దించుకుని ఎవరి వేలిముద్ర ఎక్కడ వేయించారో, ఏ ముసలమ్మ మొగుడి పింఛను నంబరు మరిచిపోతే ఏ కాగితం వెతికారో మీరు కళ్లారా చూసి ఉంటారు. అలాంటివి రెండు చెప్పండి చాలు. చిన్నప్పుడు ఆయన దగ్గరకు వెళ్లడానికి భయపడేదాన్నని కూడా చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ పది నెలలూ ఇల్లు నడిపిన అమ్మ పేరు మాత్రం తప్పకుండా ఎత్తండి. ఇలాంటి సభల్లో భార్య గురించి ఎవరూ మాట్లాడరు, నాకదే ఒళ్లుమంట. మనవలకు తెలుగు కంటే ఒడియా బాగా వస్తే ఒకరిని ఒడియాలోనే మాట్లాడనివ్వండి, ఊళ్లో ఆయన స్నేహితులు ఒక్క తెలుగువాళ్లే కారు కదా.

అడగకపోయినా ఇంకోటి చెబుతాను. అందరికీ ఫారాలు నింపిన మనిషి ఇంట్లో అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు కదిలాయా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మరణ ధ్రువీకరణ పత్రం, పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు), అమ్మ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని జిల్లా సైనిక బోర్డుకు వెళ్లండి, ఏం చేయాలో చెబుతారు. నాన్నగారు పోయిన సంగతి పింఛను ఇచ్చేవాళ్లకు చెప్పకపోతే పింఛను ఇంకా ఆయన ఖాతాలోనే పడుతుంటుంది, ఆ డబ్బు తర్వాత వెనక్కి తీసుకుంటారు. అందుకని దాన్ని ముట్టుకోవద్దు. పీపీఓలో అమ్మ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో ముందే చూడండి. అక్కడ అక్షరం తేడా ఉంటే నెలల తరబడి తిప్పుతారు. ఈ పని అన్నయ్యకు అప్పజెప్పండి. సభ తేదీ ఓ వారం జరిగినా పరవాలేదు.