ఓడను కొట్టారా, ఓడ పేరు కొట్టేశారా?

సందేహం: రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఎల్‌.ఎస్‌.టి.-325 (ఎల్‌.ఎస్‌.టి. అంటే ల్యాండింగ్ షిప్, ట్యాంక్) అనే అమెరికా నౌక చరిత్రను తెలుగులో రాస్తున్నాను. "ఈ ట్యాంకు నౌక 1942 అక్టోబర్ 27న జలప్రవేశం చేయబడింది, 1943 ఫిబ్రవరి 1న నియమించబడింది, 1946 జూలై 2న నియామకం రద్దు చేయబడింది, 1961 సెప్టెంబర్ 1న కొట్టబడింది, 1964లో గ్రీసుకు బదిలీ చేయబడింది" అని రాశాను. అది చదివి మా అబ్బాయి, "1961లో యుద్ధమే లేదు కదా నాన్నా, దాన్నెవరు కొట్టారు?" అన్నాడు. ఈ మాటలు ఎలా మార్చాలి? ఇంగ్లీషువాళ్లలాగా నౌకను 'ఆమె' అనాలా?

సమాధానం: మీ అబ్బాయి ఆగిన చోటునుంచే మొదలుపెడదాం. 1961లో ఆ ఓడమీద ఎవరూ దాడి చేయలేదు. అమెరికా నౌకాదళం తన ఓడల పట్టికలోంచి దాని పేరు తీసేసింది, అంతే. మీరు ఎంచుకున్న ధాతువు నిజానికి తప్పు కాదు. హాజరుపట్టీలో పేరు కొట్టేశారు, రేషన్‌కార్డులో పేరు కొట్టేశారు అని మనం రోజూ అంటాం. మన 'కొట్టేయడం' ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. తేడా అంతా కర్మలో ఉంది. కొట్టేసేది పేరును, ఓడను కాదు. 'పట్టికలోంచి దాని పేరు కొట్టేశారు' అని రాసి చూడండి, మీ అబ్బాయికి ప్రశ్నే రాదు. మరికాస్త గంభీరంగా కావాలంటే 'పేరు తొలగించారు' అనండి.

దాంతోపాటే ఆ 'బడు'లు కూడా పోతాయి. మీ వాక్యంలో అయిదున్నాయి. ఎవరు చేశారో చెప్పనక్కర్లేనప్పుడు తెలుగు 'చేశారు, చేర్చుకున్నారు, ఇచ్చేశారు' అంటుంది. 'చేయబడింది' అనదు.

జలప్రవేశం మంచి మాట. ఫిలడెల్ఫియా నౌకాదళ యార్డులో కట్టిన ఓడను మొదటిసారి నీటిలోకి దించిన రోజుకి దాన్ని వాడారు, బాగుంది. చాలామంది ఓడ నౌకాదళంలో చేరిన రోజుక్కూడా ఇదే మాట వాడేస్తుంటారు. అది పొరపాటు. మన విమానవాహక నౌక విక్రాంత్ కొచ్చిలో నీట దిగింది 2013 ఆగస్టులో, నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబర్ 2న. మధ్య తొమ్మిదేళ్లుంటే రెండిటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది? ఈ రెండోదానికి 'నియమించడం' కుదరదు. మనుషుల్ని నియమిస్తాం, ఓడను దళంలో చేర్చుకుంటాం. నాకు 'కొలువు' ఇష్టం. 1943లో కొలువులో చేరింది, 1946లో కొలువునుంచి తప్పించారు, 1964లో గ్రీసు కొలువుకి వెళ్లి సీరోస్ అనే పేరుతో 1999 దాకా పనిచేసింది. ఇలా రాస్తే అది ఒక జీవితంలా చదువుకోవచ్చు. 1946 దగ్గర 'రిటైరైంది' అని మాత్రం రాయకండి. 1951లో మళ్లీ పనిలోకి పిలిచి, ఉత్తరాన రాడార్ కేంద్రాలు కట్టడానికి సామాను మోయించారు.

ఇక 'ట్యాంకు నౌక'. ఈ మాట చదివినవాడు చమురు ట్యాంకర్ అనుకుంటాడు. మనకు ట్యాంకంటే ముందు మిద్దెమీది నీళ్లే గుర్తొస్తాయి, హైదరాబాదువాళ్లకైతే ట్యాంక్‌బండ్. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు కొత్త ఆయుధం సంగతి బయటికి పొక్కకుండా, అవి నీళ్ల ట్యాంకులని నమ్మించడానికే ఆ పేరు పెట్టారు. ఆ అయోమయం మీ వాక్యం దాకా వచ్చింది. పైగా ఈ ఓడలో రెండు రకాల ట్యాంకులూ ఉన్నాయి. పొట్టలో యుద్ధట్యాంకులు. అడుగున నీళ్ల ట్యాంకులు, నడిసముద్రంలో నిలకడకోసం నింపుతారు, ఒడ్డు దగ్గరకొచ్చాక తేలికవడానికి ఖాళీ చేస్తారు. అందుకని ఆయుధాన్ని ప్రతిచోటా 'యుద్ధట్యాంకు' అనే రాయండి. ఓడను మొదటిసారి 'యుద్ధట్యాంకులను ఒడ్డున దించే నౌక' అని చెప్పి, ఆ తర్వాత ఎల్‌.ఎస్‌.టి. అంటే చాలు. అలాంటివి రెండో ప్రపంచయుద్ధకాలంలో వెయ్యికి పైగా కట్టారు. వాటికి అప్పట్లో పేర్లు లేవు, నంబర్లే.

మీరు అడగలేదు గానీ, ముందుముందు అవసరమయ్యే మాట ఇంకొకటుంది. ఈ ఓడ పనే ఒడ్డెక్కడం. అడుగు చదునుగా ఉంటుంది. తీరానికి వస్తూ వెనక లంగరు వేస్తుంది, ముక్కు ఇసుకమీద ఆనాక ముందు తలుపులు తెరుచుకుని వాలుబల్ల దిగుతుంది. పని అయ్యాక ఆ లంగరు గొలుసు చుట్టుకుంటూ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. దీన్ని 'ఒడ్డుకు కొట్టుకొచ్చింది' అనకూడదు. 2020 అక్టోబరులో విశాఖ తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చిన బంగ్లాదేశ్ నౌకకు ఆ మాట సరి, అది లంగరు తెగి వచ్చింది. 'గట్టెక్కింది' కూడా వద్దు, అది కష్టం తీరినప్పటి మాట. 'ఒడ్డెక్కించారు' అనండి. 1943లో ఇటలీలోని సిసిలీ, సలెర్నో దాడులు రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. 1944 జూన్ 7న ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒమాహా తీరానికి చేరడం, ఆ తర్వాత ఇంగ్లిష్ చానల్‌ను నలభైకి పైగా సార్లు దాటడం రాసేటప్పుడు మాత్రం ఏ రోజు నిజంగా ఒడ్డెక్కింది, ఏ రోజు కాస్త దూరంలో నిలిచి చిన్న పడవల్లోకి సరుకు దించింది అన్నది చూసుకుని మాట వేయండి.

ఓడా, నౌకా అన్న పట్టింపు నాకు లేదు. సమాసంలో నౌక కుదురుతుంది, యుద్ధనౌక అంటాం. వాక్యం మధ్యలో 'ఓడ' హాయిగా ఉంటుంది.

'ఆమె' అవసరం లేదు. తెలుగులో 'అమ్మ వచ్చింది', 'ఓడ వచ్చింది' రెండిటికీ క్రియ ఒకటే. ఇంగ్లీషు నావికులు సర్వనామంలో చూపించే ఆ ఆపేక్ష మన క్రియలో ఎప్పటినుంచో ఉంది. 2000 నవంబరులో, సగటున డెబ్బై ఏళ్లు దాటిన పాత నావికులు గ్రీసులోని క్రీట్ దీవినుంచి ఆ ఓడను తామే నడుపుకుంటూ అట్లాంటిక్ దాటి, 2001 జనవరి 10న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మొబైల్ అనే రేవుకి తెచ్చారు. ఆ ఘట్టం చివర 'ఇంటికొచ్చింది' అని ఒక్క మాట రాయండి.