మీ అమ్మాయి ప్రాజెక్టుకు: అమెరికాలో బానిసత్వం రద్దయింది 1863లోనా, 1865లోనా?

నమస్తే అండీ. అమెరికా అధ్యక్షుడు లింకన్ 1863లోనే బానిసలకు విముక్తి ప్రకటిస్తే టెక్సాస్‌లో 1865 జూన్ 19న మళ్లీ ఎందుకు ప్రకటించారు, ఏ తేదీ రాయాలి అని అడిగారు కదా. రెండూ నిజమే. అసలు తికమక ప్రకటన పరిధి దగ్గర వచ్చింది.

1863 జనవరి 1 నాటి ప్రకటన అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోతామని తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే వర్తించింది. విడిపోకుండా యూనియన్‌లోనే (లింకన్ ప్రభుత్వం వైపే) ఉండిపోయిన కెంటకీ, డెలావేర్‌లలో బానిసత్వం అలాగే కొనసాగింది. తిరుగుబాటు ప్రాంతాల్లోనైనా యూనియన్ సైన్యం చేరితేనే అది అమలయ్యేది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు జనరల్ గ్రేంజర్ వచ్చి ఉత్తర్వు వినిపించేసరికి రెండున్నరేళ్లు గడిచాయి. అన్నాళ్లూ చట్టప్రకారం స్వేచ్ఛ ఉండి కూడా అక్కడి బానిసలు పొలాల్లో చాకిరీ చేస్తూనే ఉన్నారు. నాకు ఇది చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసింది మాత్రం రాజ్యాంగ 13వ సవరణ. అది 1865 డిసెంబర్ 6న ఆమోదం పొందింది. ప్రాజెక్టులో ఈ తేదీనే ముఖ్యంగా రాయించండి. అయితే నేరానికి శిక్షగా చాకిరీ చేయించవచ్చని అందులో ఒక మినహాయింపు ఉంది. దక్షిణాది రాష్ట్రాలు దాన్ని వాడుకుని చిన్నచిన్న నేరాలకే నల్లజాతివారిని జైల్లో వేసి, కూలికి అప్పగించాయి.

పునర్నిర్మాణం (అంతర్యుద్ధం తర్వాతి కాలం) గురించి 2 వాక్యాలు చాలు: 14వ సవరణ (1868) నల్లజాతివారికి పౌరసత్వం ఇచ్చింది, 15వది (1870) ఓటు విషయంలో జాతివివక్షను నిషేధించింది. 1877 తర్వాత కేంద్రం వెనక్కి తగ్గడంతో ఆ ఓటును దక్షిణాదిలో మళ్లీ లాగేసుకున్నారు.