రేంజరు కాగితం మీద సంతకం పెట్టే ముందు

చిరంజీవి పాపకు అత్త ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు సగమే వినపడింది. ఆ సగానికే టెన్షన్ పట్టుకుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ ఊరి మీదుగా అడవి చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం కమిటీ వేస్తామని ఫారెస్టు వాళ్లు అన్నారు. వంట, గైడ్లు, పార్కింగు మీ డ్వాక్రా సంఘానికే ఇస్తామన్నారు. పదిహేను రోజుల్లో సంతకాలు కావాలన్నారు. నువ్వేమో నాలుగు గదులు కట్టడానికి లోన్ ఎంత వస్తుందని అడుగుతున్నావు. గదుల మాట తర్వాత. ముందు ఇది చదువు.

భాకరాపేట దిక్కు మా ఊళ్లో వన సంరక్షణ సమితి నడిచిన రోజులు నీకు గుర్తుండవు, నువ్వప్పుడు బడికి పోతున్నావు. 2002 తర్వాత సామాజిక అటవీ యాజమాన్యం అని పేరు పెట్టి, సమితి పదవుల్లో ఆడవాళ్లు ఉండాలని రూలు తెచ్చారు. ఆ రూలు పుణ్యమా అని నేను వైస్ చైర్మన్ అయ్యా. తలకోన జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్లకు వంట, గైడ్లు, పార్కింగు మా సమితే చూసేది. మీ మామ చెప్పిన చోట వేలిముద్ర వేస్తే చాలనుకున్నారు ఊళ్లో. నాకు సంతకం వచ్చని వాళ్లకు తెలీదు.

మన అడవి మామూలు రిజర్వు ఫారెస్టు కాదని ముందు మీ సంఘంలో అందరికీ చెప్పు. 1989లో దీన్ని శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు, దగ్గర దగ్గర 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండలన్నీ కలిపి బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. జాతీయ ఉద్యానం అంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. లోపల మేకలు మేపకూడదు, కట్టెలు తేకూడదు. భోజనానికి మోదుగాకు విస్తర్లు వేస్తే బాగుంటుందని నీకు తోస్తుంది, నాకూ తోచింది. ఆ ఆకు లోపల కోస్తే కేసు. పట్టా పొలాల గట్ల మీద ఉన్న చెట్ల ఆకే కోయించు, లేదా బజార్లో విస్తర్లు కొను. వంట గ్యాసు మీదే. పొయ్యి మీద సంగటి రుచిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ కట్టె ఏ కొండదని బీటు ఆఫీసర్ అడిగితే ఏం చెప్తావు?

గదులకూ ఇదే చిక్కు. ఉద్యానం లోపల వ్యాపారానికి లాడ్జీలు, హోటళ్లు కట్టాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు అనుమతి కావాలి, అది నీతో నాతో అయ్యే పని కాదు. సరిహద్దు బయట కూడా ఎకో సెన్సిటివ్ జోన్ అని, కట్టడాల మీద ఆంక్షలుండే మేర ఒకటి ఉంటుంది. నీ ఇంటి సర్వే నంబరు అందులోకి వస్తుందో రాదో డివిజన్ ఆఫీసులో మ్యాపు ముందు పెట్టుకుని చూడు. ఎవరో చెప్పారని కాదు, నీ కళ్లతో చూడు. చూసినా సరే, మొదటి రెండేళ్లు ఇటుక కొనొద్దు. ఉన్న ఇంట్లో ముందు గదికి సున్నం వేసి, బాత్రూం శుభ్రం చెయ్యి చాలు. పట్నం వాళ్లు మంచం ఎట్లా ఉన్నా సర్దుకుంటారు, బాత్రూం దగ్గర సర్దుకోరు.

రాత్రి ఉండేవాళ్లెవరైనా సరే ఆధార్ చూడకుండా, రిజిస్టర్లో రాయకుండా తాళం చేతికివ్వొద్దు. ఇది ఎర్రచందనం నేల. మర్యాదగా మాట్లాడి, డబ్బు ఎక్కువిచ్చి, చీకటి పడ్డాక బయటికి పోయే టూరిస్టు టూరిస్టు కాదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాల ఫారం (ఇదివరకు ఫారం సి అనేవాళ్లు) నింపి పంపాలి, ఆ పని ఎవరైనా చదువుకునే పిల్లకు అప్పజెప్పు.

మొదట డబ్బు కళ్లజూసేది వంటలోనే. తిరుపతికి వచ్చేవాళ్లలో దర్శనం అయిపోయి రైలుకు ఎనిమిది గంటలు టైమున్న వాళ్లెందరో. వాళ్లే నీకు మొదటి గిరాకీ. బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చే కుర్రాళ్లు నాటుకోడి పులుసు, రాగి సంగటి అడుగుతారు. అదే పూట మొక్కున్న కుటుంబం ఒకటి వస్తుంది, ఉల్లిపాయ కూడా ముట్టరు. పెరటాసి నెలలో తమిళం వాళ్లు మాంసం వాసన కూడా సహించరు. మన వాళ్లకేమో శనివారం ఉండనే ఉంది. మేం మొదటి ఏడాది ఒకే గరిటెతో రెండూ వడ్డించాం. వేలూరు నుంచి వచ్చిన ఒక ముసలావిడ సంగటి ముద్ద మీద పులుసు చుక్క చూసి, ఒక్క మాట అనకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయింది. తిట్టినా బాగుండేది. మర్నాడే గిన్నెలు విడగొట్టాం. శాకాహారం గిన్నెలకు చెవుల మీద పసుపు పెయింటు, గరిటెలకు పసుపు గుడ్డ, వడ్డించే మనిషి వేరు. నువ్వు మొదటి రోజు నుంచే అట్లా చెయ్యి. చెనిక్కాయల పచ్చడి మాత్రం అందరికీ ఒకటే, దాన్ని ఎవరూ కాదనరు.

ఇంకో దెబ్బ కూడా తిన్నాం. తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్లు రెండు బస్సులకు భోజనం చెప్పారు, అడ్వాన్సు లేదు. రాత్రంతా వాన పడి తలకోన నీళ్లు ఉధృతంగా ఉన్నాయని పొద్దున్నే జలపాతం దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. బస్సులు రాలేదు. వండినది ఊరంతా తిన్నారు, బియ్యం డబ్బు మేం పదకొండు మంది పంచుకున్నాం. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనం వచ్చేదీ అప్పుడే, గేటు మూసేదీ అప్పుడే. సగం డబ్బు ముందు పడకపోతే బియ్యం కడగొద్దు.

గైడ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తా. ఇంగ్లీషు వచ్చిన డిగ్రీ పిల్లల్ని పెట్టి, యానాదుల్ని సామాన్లు మొయ్యడానికి పెడతారు, అన్ని చోట్లా జరిగేది ఇదే. మీ ఊళ్లో జరగనివ్వకు. ఏ బండకింద పాముంటుందో, గిల్లతీగ ఏ వాగు దాటి అల్లుకుందో, ఎలుగుబంటి ఏ వేళకు ఏ దారిన దిగుతుందో వాళ్లకు తెలుసు. డిగ్రీ పిల్లవాడు పక్కన ఉండి మాట మార్చి చెప్తే చాలు. ఇద్దరికీ ఒకటే కూలి. కేరళలో పెరియార్ అడవి ఉంది కదా, అక్కడ ఒకప్పుడు అడవి దాల్చిన బెరడు దొంగతనంగా ఒలుచుకుని అమ్మినవాళ్లే తర్వాత గైడ్లయ్యారు. వాళ్ల మీద కేసులు ఎత్తేసి, ఒక సమితి కట్టించి, టూరిస్టుల్ని అడవిలోకి తీసుకెళ్లే పని వాళ్లకే అప్పగించారు. మన దగ్గర ఎర్రచందనం కూలికి పోయి జైలు చూసొచ్చిన పిల్లలు ఉన్నారు. అందరినీ పెట్టుకోమని అననుగానీ, ఎవరి ఇంటి తలుపు తట్టాలో నీకే తెలుసు.

గైడ్లకు నేర్పాల్సిన కష్టమైన విద్య ఏమిటో తెలుసా? 'ఈ రోజు కనపడలేదండీ' అని చెప్పడం. డబ్బిచ్చినవాడు మొహం మాడ్చుకుంటాడని మా పిల్లవాడొకడు బండ సందులోంచి బంగారు బల్లిని పుల్లతో పొడిచి బయటికి లాగాడు. వాడికి బక్షీసు దొరికింది, ఫొటో ఊరంతా తిరిగింది, మూడో రోజు ఫారెస్టు వాళ్లు వచ్చారు. రాత్రిళ్లు తిరిగే దేవాంగ పిల్లి కళ్లలోకి టార్చి కొట్టడం కూడా ఇట్లాంటిదే. మద్యం సీసాతో వచ్చినవాణ్ని గుండం దగ్గరికి తీసుకెళ్లకూడదు, వాడెవరి తాలూకైనా సరే. ఎండాకాలం జనం ఉండరు కదా, ఫిబ్రవరి నుంచి మంటల భయం మొదలవుతుంది. మంట పాకకుండా ఫైర్ లైన్లు గీసే పని, మంటలు చూసే కాపలా పని ఈ గైడ్లకే ఇమ్మని ఇప్పుడే అడుగు. లేకపోతే ఏప్రిల్లో వాళ్లు బెంగళూరు కూలికి పోతారు, అక్టోబరుకు తిరిగి రారు.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

మా కమిటీని ఫారెస్టు వాళ్లు చెడగొట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. కాదు. పార్కింగు గేటు దగ్గర మీ మామ అన్న కొడుకును పెట్టాం. ఆదివారం పూట నాలుగు కార్లకు ఒక టికెట్టు చింపేవాడు, మిగతా మూడు జేబులోకి. కార్తీకమాసంలో ఒక సోమవారం సాయంత్రం టికెట్టు పుస్తకం చేతిలో పట్టుకుని నేనే గమనించా. జనంతో దారి నిండిపోయిన రోజు, పుస్తకంలో మిగిలిన టికెట్టు ముక్కలు చూస్తే పంతొమ్మిదే. నాకు లెక్క తెలిసింది. తెలిసినా మాట్లాడలేదు. ఇంటివాడు కదా, నాలుగు మాటలు మందలించి దాచేశా. పది రోజులకు మిగతా ఆడవాళ్లకు తెలిసింది. నాతో ఎవరూ గొడవ పడలేదు. మర్నాడు వంటకు రాలేదు, అంతే. రెండు నెలలు పొయ్యి వెలగలేదు. వాడు తిన్నది మహా అయితే కొన్ని వేలు. నేను దాచినందుకు పోయింది ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.

తర్వాత ఏం చేశామో చెప్తా, అది నీకు పనికొస్తుంది. రామాలయం గోడ మీద నల్ల రంగు పూయించి, ప్రతి శనివారం దీపాల వేళకు సుద్దముక్కతో రాసేవాళ్లం: ఎన్ని టికెట్లు చినిగాయి, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా, ఎంత వచ్చింది, బియ్యానికి ఎంత, గైడ్లకు ఎంత, బ్యాంకులో ఎంత. రాసేది ఒకరు, గట్టిగా చదివేది ఇంకొకరు. చదువు రానివాళ్లు కూడా వినాలి కదా. గేటు దగ్గర మనిషి నెలకోసారి మారేవాడు. మొదటి శనివారం గోడ ముందు నలుగురే నిలబడ్డారు. సంక్రాంతి నాటికి గుడి మెట్లు చాల్లేదు, అనుమానంతో వచ్చినవాళ్లే ఎక్కువ. అనుమానంతో వస్తే మరీ మంచిది.

ఫారెస్టు వాళ్లిచ్చే కాగితంలో ఏం చూడాలో ఇప్పుడు. ప్రవేశ రుసుము ఎవరు వసూలు చేస్తారు, అందులో కమిటీకి నూటికి ఎంత, ఆ డబ్బు ఏ తేదీకి ఖాతాలో పడుతుంది, చెక్కు మీద ఎవరెవరి సంతకం కావాలి. గేటు మూసిన రోజుల్లో గైడ్ల కూలి సంగతేమిటి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరి బాధ్యత, ఇన్సూరెన్సు ఎవరు కడతారు. ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో రద్దు చేయాలంటే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి. ఇవి మాటగా చెప్తే సరిపోదు పాపా. మాకు ఒక మంచి రేంజరు ఉండేవారు, ఇంటి మనిషిలా చెప్పేవారు. 'రాసుకోవడం దేనికమ్మా, నేనున్నాగా' అనేవారు. బదిలీ అయినప్పుడు ఆయన మాట కూడా అదే జీపెక్కి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినాయన చెడ్డవారేం కాదు, ఆయనకు ఫైల్లో ఏమీ కనపడలేదు, అంతే.

అడగడానికి మొహమాటపడకు. వాటా ఇస్తున్నాం కదా అని వాళ్లు ఉపకారం చేస్తున్నట్టు మాట్లాడితే నవ్వి ఊరుకో, కాగితంలో అంకె మాత్రం వేయించుకో. మంట లేచినప్పుడు పరిగెత్తేది మీ ఊరి పిల్లలే, ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

కాగితం చేతికి రాగానే మీ ఎదురింటి పిల్లవాడితో ఫొటో తీయించి వాట్సాప్‌లో పంపు. సంతకం పెట్టాక కాదు, ముందే. ఆ శనివారం కడప బస్సెక్కి నేనే వస్తా, మీ సంఘం వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టు. మా పార్కింగు గేటు పిల్లవాడి సంగతి వాళ్లకు నా నోటితోనే చెప్తా. నా కోసం ప్రత్యేకంగా ఏం వండొద్దు, సంగటి, ఊరుబిండి చాలు. శనివారం కదా.

మీ అత్త,
తిరుపతి